సముద్రం లేని ఊళ్లో పసిఫిక్ యుద్ధం: ఏడు నెలలు ఆడిన ఒక బోర్డ్ గేమ్‌పై సమీక్ష

డిగ్రీ కళాశాలలో చరిత్ర పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసిన నాకు, రెండో ప్రపంచ యుద్ధంలోని పసిఫిక్ భాగం తరగతి గదిలో ఎన్నడూ సరిగా చెప్పలేకపోయిన పాఠంగానే మిగిలిపోయింది. పెర్ల్ హార్బర్ నుంచి హిరోషిమాకు ఒక్క పీరియడులో దూకేవాళ్లం. మధ్యలో మూడున్నరేళ్లకు పైగా అంతులేని నీటి మీద, పేర్లు పలకడానికే నోరు తిరగని దీవుల మీద ఏమి జరిగిందో చెప్పడానికి సిలబస్‌లో చోటుండేది కాదు. ఆ వెలితి తీర్చుకుందామని, 1941 డిసెంబరు నుంచి 1945 ఆగస్టు దాకా సాగిన ఆ యుద్ధాన్ని మొత్తంగా ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఆడేలా తయారు చేసిన ఒక విదేశీ బోర్డ్ గేమ్‌ను నిరుడు తెప్పించుకున్నాను. హనుమకొండలోని మా ఇంటి హాలులో ఏడు నెలలుగా అది పరిచే ఉంది. అమ్మిన దుకాణంతో నాకు కొంత పేచీ ఉన్నందువల్ల దాని పేరు రాయడం లేదు, అదే కారణంతో ఆట పేరు కూడా వదిలేస్తున్నాను. ఈ తరహా ఆటలన్నిటికీ నిర్మాణం దాదాపు ఒకటే కనుక, కొనదలచినవారికి ఈ వివరాలు ఎలాగూ పనికివస్తాయి.

ముందు ఆ పేచీ సంగతి చెప్పి ముగిస్తాను. కస్టమ్స్ సుంకం, రవాణా కలుపుకొని 9,400 రూపాయలు చెల్లించాక వచ్చిన పెట్టెకు ఒక మూల తడిసి ఉంది. లోపల అమెరికా డిస్ట్రాయర్లు (వేగంగా పోయే చిన్న యుద్ధనౌకలు), రవాణా నౌకలు ఉన్న బిళ్లల షీటు ఉబ్బి పొరలుగా విడిపోయింది. ఫొటోలు తీసి పంపితే మొదటి వారం క్షమాపణ వచ్చింది, తర్వాత రెండు నెలలు జవాబే రాలేదు. చివరికి తయారీదారు వెబ్‌సైటులో ఉచితంగా దొరికే బిళ్లల బొమ్మలను హనుమకొండ చౌరస్తాలో కలర్ జిరాక్సు తీయించి, పాత పెళ్లిపత్రికల అట్టల మీద అతికించి, స్కేలు పెట్టి కోసుకున్నాను. కనుక మా ఇంట్లో అమెరికా నౌకాదళంలో కొంత భాగం వెనక వైపు తిప్పితే వధూవరుల పేర్లు కనిపిస్తాయి.

వస్తువు నాణ్యత విషయానికి వస్తే, తడవని భాగమంతా బాగానే ఉంది. రెండు మ్యాపు షీట్లు కలిపి పరిస్తే నాలుగున్నర అడుగుల పొడవు వస్తుంది. తేనెపట్టులా షట్కోణపు గడులు, వాటిలో లేత నీలం సముద్రం, గోధుమ రంగు దీవులు, ఓడరేవులకు లంగరు గుర్తు, విమానాశ్రయాలకు చిన్న విమానం గుర్తు. ముద్రణ కళ్లకు ఇబ్బంది పెట్టదు. బిళ్లలు మాత్రం అర అంగుళం చతురస్రాలు, వేయికి పైగా ఉంటాయి. మేలో హనుమకొండ ఎండకు ఫ్యాను లేకుండా కూర్చోలేము, ఫ్యాను వేస్తే ఒక్కొక్క నౌకాదళం గాలికి లేచి పక్క గడిలోకి పోతుంది. మొదటి నెలలో ఒకసారి ఫిలిప్పీన్స్ మొత్తం సోఫా కిందికి వెళ్లింది. డైనింగ్ టేబుల్ మీది అద్దాన్ని తీసి మ్యాపు మీద పరచి, బిళ్లల దొంతరలకు వెనక బ్లూటాక్ ముక్క అంటించాక ఆ బాధ తీరింది. పచ్చీసు ఆడిన చేతులకు ఈ బిళ్లలు అందవు. కనుబొమల ప్లక్కర్ ఒకటి కొని పెట్టుకోవడం మంచిది.

ఆటలో ఒక వంతు అంటే మూడు నెలలు. మొత్తం 15 వంతులు. ఒక్కో వంతుకు మాకు మొదట్లో అయిదు గంటలు పట్టేది, ఇప్పుడు మూడు గంటల్లో అవుతోంది. నియమాల పుస్తకం 48 పేజీలు. దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివి ఆడదామనుకుంటే ఎవరూ మొదలుపెట్టలేరు. ఆ పుస్తకమే సూచించినట్టు ముందు మధ్య పసిఫిక్‌లోని మిడ్‌వే దీవి దగ్గరి ఒక్క ఘట్టాన్ని ఆడి, తర్వాత సోలమన్ దీవుల్లోని గ్వాడల్‌కెనాల్ ఘట్టాన్ని ఆడి, ఆపైన మొత్తం యుద్ధానికి వెళ్లడం సరైన దారి. ఆ క్రమం బాగా ఆలోచించి పెట్టారు.

నా ఎదుటి ఆటగాడు మా బావమరిది. రామగుండం వైపు ఒక థర్మల్ విద్యుత్ కేంద్రంలో బొగ్గు నిల్వల విభాగంలో పాతికేళ్లు పని చేస్తున్నాడు. చరిత్ర మీద ఆసక్తి లేదు, యుద్ధ సినిమాలు చూడడు. నేను జపాన్ తీసుకుని, ఆరు విమానవాహక నౌకలూ ప్రపంచంలోకెల్లా పెద్ద యుద్ధనౌక యమాటో నా పక్షాన ఉన్నాయన్న ధీమాతో కూర్చుంటే, అతను మ్యాపు చూడకుండా ముందు పక్కనున్న చమురు పట్టీ చూశాడు. వంతుకు ఎన్ని యూనిట్ల చమురు వస్తుంది, ఒక పెద్ద నౌకాదళం కదిలితే ఎంత ఖర్చవుతుంది, నిల్వ ఎన్ని వంతులకు సరిపోతుంది అని నోటుపుస్తకంలో రాసుకున్నాడు. యార్డులో ఎన్ని రోజుల బొగ్గు ఉంది, రేపు ఎన్ని ర్యాకులు వస్తాయి అన్నది రోజూ లెక్క చూసే మనిషికి అది సహజం. మూడో వంతులో నేను హవాయి వైపు బయలుదేరబోతుంటే, “బావా, నీకు ఓడలున్నయ్ గని తిరిగొచ్చేటందుకు నూనె లేదు” అన్నాడు. నిజంగానే లేదు.

ఈ ఆటకు ప్రాణం ఆ చమురు పట్టీయే. చరిత్రలోనూ యుద్ధం అక్కడే మొదలైంది. జపాన్ తన చమురు అవసరాల్లో సుమారు 80 శాతానికి అమెరికా మీదే ఆధారపడి ఉండగా, ఇండోచైనా దక్షిణ భాగంలోకి జపాన్ సైన్యం ప్రవేశించిన తర్వాత 1941 ఆగస్టులో అమెరికా ఆ సరఫరాను ఆపేసింది. మిగిలిన నిల్వ తరిగిపోయేలోగా డచ్ ఈస్టిండీస్‌లోని (ఇప్పటి ఇండోనేషియా) పాలెంబాంగ్, బాలిక్‌పాపన్ చమురు క్షేత్రాలను పట్టుకోవాలి. ఆ పని చేస్తుండగా అమెరికా పసిఫిక్ నౌకాదళం పక్కనుంచి అడ్డుపడకూడదు. 1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బర్ మీద జరిగిన దాడికి అదీ తర్కం. ఆ దాడిలో రేవు ఒడ్డునున్న చమురు ట్యాంకులను జపాన్ విమానాలు ముట్టుకోలేదు, మరమ్మతు సౌకర్యాలు కూడా చాలావరకు మిగిలాయి. ఆటలో ఈ అవకాశాన్ని జపాన్ ఆటగాడికి వదిలిపెట్టారు. యుద్ధనౌకలను కొడతారా, చమురు ట్యాంకులను కొడతారా అన్నది మొదటి వంతులోనే ఎంచుకోవాలి. నేను మూడుసార్లు ఆడితే మూడుసార్లూ ట్యాంకులనే కొట్టాను. తర్వాత వచ్చినవాడికి తెలివి ఎక్కువే ఉంటుంది.

దూరాన్ని చూపించడంలో ఈ ఆటకు మంచి మార్కులు వేస్తాను. న్యూగినీ పక్కనున్న జపాన్ స్థావరం రబౌల్ నుంచి గ్వాడల్‌కెనాల్‌కు సుమారు 1,000 కిలోమీటర్లు. మనం కాజీపేటలో ఢిల్లీ బండి ఎక్కితే భోపాల్ దాటాక గాని పూర్తికాని దూరమది. జీరో యుద్ధ విమానం అంత దూరం సముద్రం మీద ఎగిరి వెళ్లి, లక్ష్యం మీద కొద్ది నిమిషాలు మాత్రమే పోరాడి, మళ్లీ అంతే దూరం తిరిగి రావాలి. దెబ్బతిన్న విమానానికి దారిలో దిగే చోటుండదు. ఆటలో గడులు లెక్కపెడుతూ ఒక్క గడి తక్కువై విమానాల బిళ్లను వెనక్కి పెట్టేసుకున్నప్పుడు, దీవి మీది మట్టి రన్‌వే ఒకటి ఎందుకు అన్ని ప్రాణాల ఖరీదు చేసిందో అర్థమవుతుంది.

మిడ్‌వే ఘట్టం చిన్నది, పదునైనది. జపాన్ రహస్య సంకేతాల్లో ‘ఏఎఫ్’ అన్నది ఏ చోటో తేల్చుకోవడానికి, పెర్ల్ హార్బర్‌లో జోసెఫ్ రోష్‌ఫర్ట్ నడిపిన సంకేత విభాగంవారు మిడ్‌వేలో మంచినీటి యంత్రం చెడిపోయిందని మామూలు భాషలో ఒక అబద్ధపు వార్త పంపించారు. కొద్ది రోజుల్లోనే ‘ఏఎఫ్’లో నీటి కొరత ఉందన్న జపాన్ సందేశం దొరికింది. ఆటలో ఇది అమెరికా ఆటగాడి చేతిలో ఒక కార్డు. దాన్ని వాడితే జపాన్ బోర్లించి పెట్టిన బిళ్లల దొంతరల్లో రెండింటిని తెరిచి చూడవచ్చు. జపాన్ ఆటగాడికి మరొక చిక్కు పెట్టారు. విమానాలకు నేల మీది లక్ష్యాల కోసం బాంబులు కట్టాలా, ఓడల కోసం టార్పెడోలు కట్టాలా అన్నది ముందే తేల్చుకోవాలి. మార్చుకుంటే ఒక దశ వృథా అవుతుంది, ఆ దశలో దాడి జరిగితే నష్టం రెట్టింపు. 1942 జూన్ 4 ఉదయం జపాన్ వాహక నౌకల దళాధిపతి నగుమో పడిన అవస్థ ఇదే. ఆ ఒక్కరోజులో అకాగి, కాగా, సోర్యు, హిర్యు అన్న నాలుగు విమానవాహక నౌకలూ దెబ్బతిని మునక దారి పట్టాయి. అమెరికా యార్క్‌టౌన్‌ను పోగొట్టుకుంది. అంతకు నెల ముందు కోరల్ సముద్రంలో దెబ్బతిన్న ఆ నౌకను పెర్ల్ హార్బర్ డాక్ కార్మికులు మూడు రోజుల్లో బాగుచేసి యుద్ధానికి పంపారు. నేను బాంబులు విప్పి టార్పెడోలు కట్టిస్తుండగా మా బావమరిది పాచికల్లో వరసగా రెండు ఆరులు పడ్డాయి. ఆ రాత్రి భోజనాల దగ్గర నేను మాట్లాడలేదని ఇంట్లో ఇప్పటికీ ఎత్తిపొడుస్తారు.

నాకు అన్నిటికన్నా నచ్చింది గ్వాడల్‌కెనాల్ ఘట్టం. జపాన్‌వారు కడుతుండగా 1942 ఆగస్టులో అమెరికా మెరీన్లు (నౌకల నుంచి ఒడ్డుకు దిగి పోరాడే సైనికులు) పట్టుకున్న రన్‌వేకు, మిడ్‌వేలో చనిపోయిన మెరీన్ పైలట్ లాఫ్టన్ హెండర్సన్ పేరు పెట్టారు. ఆ తర్వాత ఆరు నెలలు రెండు దేశాలు ఆ నేల ముక్క చుట్టూ నౌకలనూ మనుషులనూ పోస్తూ పోయాయి. ఆట తయారీదారు దీన్ని ఒకే ఒక్క నియమంతో పట్టుకున్నాడు: రన్‌వే ఎవరి చేతిలో ఉంటే పగలు వారిది, రాత్రి మాత్రం జపాన్‌కు పాచికల్లో అదనపు బలం. ఈ చిన్న నియమం నుంచి చరిత్రంతా దానంతటదే పుట్టుకొస్తుంది. పగలు విమానాల భయంతో జపాన్ రవాణా నౌకలు రాలేవు కనుక వేగంగా పోయే డిస్ట్రాయర్లలో రాత్రిపూట మనుషులను దించాలి. అమెరికా సైనికులు దానికి టోక్యో ఎక్స్‌ప్రెస్ అని పేరు పెట్టారు. డిస్ట్రాయర్లలో ఫిరంగులూ బియ్యమూ ఎక్కువ పట్టవు. ఒక దశలో తిండిని డ్రమ్ముల్లో నింపి, తాళ్లతో ఒకదానికొకటి కట్టి, ఒడ్డుకు దగ్గరగా నీటిలోకి తోసి వెళ్లిపోయేవారు. ఎన్ని ఒడ్డుకు చేరితే అంతే. జపాన్ సైనికులు ఆ దీవిని ‘ఆకలి దీవి’ అన్నారు. వేలమంది తిండి లేక, మలేరియాతో చనిపోయారు. ఆటలో నా పదాతిదళాల బిళ్లలు వంతు వంతుకూ తిరగేసి బలహీన వైపు చూపించాల్సి వచ్చినప్పుడు, నా చేతిలో యమాటో ఉండి కూడా దాన్ని కదిలించే చమురు లేక చూస్తూ కూర్చున్నాను.

అదే జలాల్లో 1942 ఆగస్టు 8–9 రాత్రి సావో దీవి దగ్గర జపాన్ క్రూయిజర్లు (డిస్ట్రాయర్ల కన్నా పెద్ద యుద్ధనౌకలు) చీకట్లో వచ్చి ఒక ఆస్ట్రేలియా క్రూయిజర్‌నూ మూడు అమెరికా క్రూయిజర్లనూ ముంచి, ఒడ్డున సామాను దించుతున్న రవాణా నౌకలను మాత్రం వదిలేసి వెళ్లాయి. ఆ నీటి అడుగున ఎన్ని ఓడలు చేరాయంటే, ఆ జలసంధికి ‘ఇనుప అడుగు’ అన్న అర్థం వచ్చే పేరు స్థిరపడింది. ఆటలో రవాణా నౌకల బిళ్లకు పాయింట్లు తక్కువ, క్రూయిజర్ బిళ్లకు ఎక్కువ. కొత్త ఆటగాడు తప్పకుండా క్రూయిజర్ల వెంట పడతాడు. తర్వాతి వంతులో ఆ రవాణా నౌకలు మోసుకొచ్చిన సైన్యం చేతిలో ఓడిపోయాక గాని బుద్ధి రాదు. ఈ ఎర కావాలనే పెట్టారని నా అనుమానం.

ఇక దీవుల మీద దిగే పోరాటాల దగ్గరికి వస్తే ఆట చప్పబడిపోతుంది. 1943 నవంబరు 20న మధ్య పసిఫిక్‌లోని తరావా పగడపు వలయంలో బెటియో అనే దీవి మీద మెరీన్లు దిగినప్పుడు, ఆటుపోట్ల అంచనా తప్పి పగడపు దిబ్బ మీద నీరు చాలక మామూలు పడవలు అంచునే చిక్కుకున్నాయి. మనుషులు తుపాకులు పైకెత్తి పట్టుకుని, ఛాతీ లోతు నీటిలో వందల గజాలు మెషిన్‌గన్లకు ఎదురు నడిచారు. దిబ్బను పాకుతూ దాటగలిగిన ట్రాక్టరు పడవలు సరిపడా లేవు. సుమారు మూడు కిలోమీటర్ల పొడవున్న ఆ దీవి కోసం 76 గంటల్లో వెయ్యిమంది దాకా అమెరికన్లు చనిపోయారు. జపాన్ సైనికుల్లో ప్రాణాలతో చిక్కినవారు 17 మంది, వారితో పాటు కొరియా కూలీలు 129 మంది. ఇదంతా ఆటలో ఒక పాచిక, ఒక పట్టిక. ఆటుపోట్లు లేవు, దిబ్బ లేదు. సముద్రం మీద టార్పెడోలు మార్చడానికి అంత సూక్ష్మంగా నియమం రాసినవారు ఒడ్డును ఇంత తేలికగా వదిలేయడం నాకు మింగుడుపడలేదు.

దీవులను ఒకటి విడిచి ఒకటి దాటుకుంటూ పోయే వ్యూహాన్ని మాత్రం చక్కగా నేర్పుతుంది. మొదటి పూర్తి ఆటలో పక్షాలు మార్చుకుని నేను అమెరికా తీసుకున్నాను. రబౌల్‌ను పట్టుకుని తీరాలన్న పంతంతో ఏడాది కాలం, అంటే నాలుగు వంతులు, అక్కడే పోగొట్టుకున్నాను. చరిత్రలో అమెరికా ఆ కోటను పట్టుకునే పనే పెట్టుకోలేదు. చుట్టూ విమానాశ్రయాలు కట్టుకుని, బాంబులు వేస్తూ, సుమారు లక్షమంది జపాన్ సైనికులను యుద్ధం ముగిసేదాకా అక్కడే పనిలేకుండా కూర్చోబెట్టింది. 1944 ఫిబ్రవరిలో ట్రక్ అనే దీవుల్లోని జపాన్ నౌకా స్థావరాన్ని కూడా అలాగే విమానాలతో చితక్కొట్టి దాటిపోయింది. అదే ఏడాది సెప్టెంబరులో ఉలితీ అనే పగడపు వలయాన్ని ప్రతిఘటన లేకుండా ఆక్రమించుకుని, వందల ఓడలు నిలిచే రేవుగా మార్చుకుంది. “కొట్లాడకుండ దొరికిందే మంచి స్టాకుయార్డు” అని మా బావమరిది ఉలితీ గడి మీద వేలు పెట్టి అన్నాడు.

జలాంతర్గాముల విషయంలో తయారీదారు అన్యాయం చేశాడు. యుద్ధంలో మునిగిన జపాన్ వాణిజ్య నౌకల టన్నులలో సగానికి పైగా అమెరికా జలాంతర్గాముల ఖాతాలోనివే. అంతటి పనిని వంతు చివర ఒక్క పాచికతో తేల్చేశారు. మొదట్లో అమెరికా టార్పెడోలు లోతు తప్పి, ఓడకు తగిలినా పేలక, 1943 చివరిదాకా నావికులను వేధించిన సంగతిని మాత్రం తొలి వంతుల్లో పాచిక నుంచి రెండు తగ్గించి చూపించారు, అంతవరకు సంతోషం.

1944 అక్టోబరు నాటి, ఫిలిప్పీన్స్‌లోని లేటె అఖాత యుద్ధంలో మరొక నియమం మా ఇద్దరి మధ్య వాదానికి కారణమైంది. ఆ నెల 25న సమార్ దగ్గర, యమాటోతో సహా కురితా నడిపిన బలమైన నౌకాదళం చిన్న వాహక నౌకలూ డిస్ట్రాయర్లూ మాత్రమే ఉన్న అమెరికా దళాన్ని తరుముతూ తరుముతూ అర్ధంతరంగా వెనక్కి మళ్లింది. ఆటలో జపాన్ ఆటగాడు ముందుకు పోవాలంటే పాచిక వేసి అనుమతి తెచ్చుకోవాలి. నా నిర్ణయాన్ని పాచికకు అప్పగించడమేమిటని నా అభ్యంతరం. ముందురోజు ముసాషీని పోగొట్టుకుని, మూడు రోజులుగా నిద్రలేని మనిషి నిర్ణయం పాచిక లాగే ఉంటుందని అతని వాదం. రాత్రి షిఫ్టులు చేసేవాడి మాట కనుక నేను తగ్గాను.

మ్యాపు పడమటి అంచు కూడా నాకు నచ్చలేదు. బర్మా సగంలో కాగితం ఆగిపోతుంది, సిలోన్ (ఇప్పటి శ్రీలంక) ఒక డబ్బా. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయన్నది తెలుగు పాఠకులకు గుర్తు చేయనక్కరలేదు, కానీ ఆ రెండు ఊళ్లూ ఈ ఆటలో లేవు. పెర్ల్ హార్బర్ కన్నా గంటకు పైగా ముందే జపాన్ సేనలు మలయాలోని కోటా బారు ఒడ్డున దిగాయి. అక్కడి విమానాశ్రయ రక్షణలో ఉన్న దళాల్లో హైదరాబాద్ సంస్థానపు పదాతిదళం ఒకటి. అప్పటి వరంగల్ ఆ నిజాం రాజ్యంలోనిదే. మ్యాపులో కోటా బారు ఉంది, దాని మీద ‘భారత’ అని రాసిన ఒకే ఒక్క బిళ్ల ఉంది. నేను దాని మీద పెన్సిలుతో చిన్నగా ‘హై’ అని రాసుకున్నాను. మొదటి వంతులోనే అది బోర్డు దిగిపోతుంది.

నాకు తీవ్రంగా అభ్యంతరమైన చోటు జపాన్ దక్షిణపు దీవి ఒకినావా. 1945 ఏప్రిల్ 1 నుంచి జూన్ చివరిదాకా సాగిన ఆ పోరాటంలో ఆ దీవి ప్రజలు లక్షమంది దాకా చనిపోయి ఉంటారని అంచనాలున్నాయి. హిమెయురి దళం పేరుతో 222 మంది బడిపిల్లలను, 18 మంది ఉపాధ్యాయులను కొండగుహల్లోని సైనిక ఆసుపత్రుల్లో నర్సుల పనికి తీసుకుపోయారు. సగానికి పైగా తిరిగి రాలేదు. ఆటలో ఆ దీవి విలువ పది పాయింట్లు. కామికాజే (విమానంతో సహా ఓడల మీద పడే ఆత్మాహుతి) దాడులకు ప్రత్యేకంగా కార్డులున్నాయి, ఏప్రిల్ 7న యమాటో చివరి ప్రయాణానికి రంగుల బొమ్మ ఉంది, దీవి మనుషుల గురించి నియమాల పుస్తకం వెనకనున్న చారిత్రక వ్యాఖ్యలో కూడా ఒక్క వాక్యం లేదు. వెయ్యి బిళ్లలు అచ్చువేసినవారు ఒక్క పేరా రాయగలిగేవారే. ఇంటర్ చదివే మా మనవరాలు ఆడటానికి కూర్చున్నప్పుడు ఆ ఘట్టం దగ్గర ఆట ఆపి నేనే చెప్పాను.

కొనవచ్చా అని అడిగేవారికి: ఎదురు కూర్చునే మనిషి ముందే దొరికితేనే కొనండి. ఒంటరిగా ఆడేందుకు ఇచ్చిన పద్ధతి పేరుకే ఉంది, ఎదుటివారి బోర్లించిన బిళ్లలు మనమే పెట్టి మనమే తెరవడంలో మిడ్‌వే రుచి పూర్తిగా పోతుంది. నాలుగున్నర అడుగుల స్థలం నెలల తరబడి కదల్చకుండా ఉంచగలగాలి. మాకు దీపావళి శుభ్రాలప్పుడు మ్యాపును అద్దంతో సహా మంచం కిందికి జరపాల్సి వచ్చింది. పెట్టె రాగానే తెరిచే ముందే వీడియో తీయండి, బిళ్లల షీట్లు లెక్కపెట్టండి. నావికా యుద్ధం కోసమైతే ఈ ధరకు న్యాయం జరుగుతుంది. దీవుల మీది పోరాటమే ముఖ్యమనుకునేవారు తరావా ఒక్కదాన్నో ఇవో జిమా ఒక్కదాన్నో తీసుకుని చేసిన చిన్న ఆటలు చూసుకోవడం మేలు.

ప్రస్తుతం మా రెండో పూర్తి ఆట పదకొండో వంతులో, 1944 జూన్‌లో ఉంది. ఈసారి మళ్లీ జపాన్ నాదే. సైపాన్ దగ్గర అతని వాహక నౌకలు పదిహేను, నావి తొమ్మిది, ట్యాంకర్ల బిళ్లలు రెండే మిగిలాయి. మా బావమరిదికి వచ్చే ఆదివారం సెలవు. ఫోన్ చేసినప్పుడు బాగున్నారా అని కూడా అడగకుండా, నా చమురు పట్టీ ఏ అంకె మీద ఉందో చెప్పమన్నాడు. నేను చెప్పలేదు.